శుక్రవారం ఆపిన డబ్బు

జోగమ్మ డబ్బు ఎప్పుడూ ఒక్కచోట ఉండేది కాదు. పెళ్ళయి శ్రీకాకుళం నుంచి భిలాయి వచ్చిన కొత్తల్లోనే వంటపనికి కుదిరింది. పొద్దున్నే తామున్న మరోదా నుంచి సైకిల్ మీద స్టీల్ ప్లాంటు ఉద్యోగులుండే సెక్టార్లకు పోయి మూడిళ్ళల్లో వండుతుంది. ప్రతి ఇంట్లోనూ జీతంలో కొంత ఆ ఇంటామె దగ్గరే దాచుకునేది. ఇంటికి తెచ్చిన డబ్బు చిల్లుకుండలో నీళ్ళే. మొగుడు గోవిందరావు అడుగుతాడు, కొడుకు సుభాష్ అడుగుతాడు, లేదని చెప్పడం ఆమెకు చేతకాదు. అందుకని వాళ్ళ చేతికి అందనంత దూరంలో పెట్టడం నేర్చుకుంది.

ఆ మూడిళ్ళలో ఒకావిడ భాగ్యరేఖ. బ్యాంకులో ఆడవాళ్ళ కోసం ఒక ఖాతా ఉందని ఆవిడే చెప్పింది. వడ్డీ ఎక్కువట. రెండేళ్ళదాకా ఆ డబ్బు ఎవరూ కదపలేరట. కానీ ఆ పథకాన్ని ఈ నెలాఖరుతో ఎత్తేస్తున్నారు. ఆలోపే తెరవాలి, ఆలోపే డబ్బంతా నింపాలి.

"ఎవురూ అంటే మా ఆయన కూడానా అమ్మా?" అని రెండుసార్లు అడిగింది జోగమ్మ. వడ్డీ ఎంతో ఒక్కసారి కూడా అడగలేదు.

శుక్రవారం మూడిళ్ళూ తిరిగి లక్షా అరవై వేలు సంచిలో వేసుకుంది. హిందీ కాగితాలు నింపిపెడతాడని గోవిందరావును వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్ళింది. చేసిన తప్పు అదే. కాగితాలన్నీ బుద్ధిగా నింపి, తీరా కౌంటర్ ముందుకొచ్చాక సంచి మీద చెయ్యివేశాడు.

"చేతికొచ్చిన లచ్చిని సుక్కురారం పూట వొదిలీసుకుంటావేటే? శాస్త్రానికి వెయ్యి నూట పదార్లు ఏసి ఖాతా తెరిచీ. మిగతాది సోమారం ఏద్దాం. ఆకరు రోజు సోమారమే గదా."

ముప్పై ఏళ్ళు ప్లాంటులో కాంట్రాక్టు కూలీగా చేసిన మనిషి. ఏ శుక్రవారమూ ఆయన్ని సారాకొట్టు దగ్గర ఆపలేదు. జోగమ్మ మాత్రం శుక్రవారంనాడు పక్కింటికి గుప్పెడు ఉప్పు కూడా బదులిచ్చేది కాదు. ఆ భయం ఆయనకు తెలుసు. వెయ్యి నూట పదహార్లు బ్యాంకులో పడ్డాయి, మిగతాదంతా ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె ఇంట్లో అడుగుపెట్టింది. బియ్యం డబ్బాలో అడుగున దాచింది.

ఆదివారం భాగ్యరేఖ ఇంటికి చుట్టాలొస్తే వండిపెట్టి, మధ్యాహ్నం దాటాక ఇల్లు చేరింది. ఇంటిదొంగను ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు. ఇక్కడ పట్టే పనే లేకపోయింది. దొంగ అన్నం తింటూ తనే చెప్పాడు.

"సుభాష్‌గాడు జాముల్‌లో సెకండ్‌హేండ్ బండి చూసినాడు. ఇయ్యాలే డబ్బు కట్టకపోతే ఇంకోడు అట్టుకుపోతాడంట. ఇచ్చీసినాను."

"ఎంత?"

"అంతా."

"మరి సుక్కురారం వొద్దన్నావు?"

"ఇయ్యాల ఆదివారం గదేటి. అయినా బయటోడికిచ్చినానేటి? నీ కొడుక్కే గదా."

కొడుక్కి ఫోన్ చేస్తే, "టెన్షన్ ఎందుకమ్మా, లౌటా దూంగా" అన్నాడు. తిరిగిచ్చేస్తానని. ఆ మాట వాడు పదో క్లాసు నుంచీ అంటున్నాడు. జోగమ్మకు ఒళ్ళు మండిపోయింది. మొగుడి మీద కన్నా, కొడుకు మీద కన్నా, తన శుక్రవారాల మీద తనకే అసహ్యం వేసింది.

సోమవారం పనిచేసే ఇళ్ళకు పోకుండా ఒక్కతే బ్యాంకుకు వెళ్ళింది. కౌంటర్‌లో అమ్మాయి పాస్‌బుక్ చూసి మిగతా డబ్బేదని హిందీలో అడిగింది.

"లేదు బేటీ."

"ఈ రోజు దాటితే ఇందులో ఒక్క రూపాయి కూడా పడదమ్మా. రెండేళ్ళూ ఈ వెయ్యి నూట పదహారే."

"నేను పోతే ఇది ఎవరికిస్తారు?"

అమ్మాయి కంప్యూటర్‌లో చూసింది. నామినీ గోవిందరావు. శుక్రవారం కాగితాలు నింపినప్పుడు తన పేరు తనే రాసుకున్నాడు.

"ఆ పేరు తీసెయ్."

అమ్మాయి ఒకసారి ఆమె ముఖంలోకి చూసి, ఇంకో కాగితం తీసి పెన్ను పట్టుకుంది. "మరి ఎవరి పేరు రాయను? కొడుకా? కోడలా?"

వెనక లైన్‌లో జనం తొందరపెడుతున్నారు. జోగమ్మ ఇంట్లోవాళ్ళను ఒక్కొక్కరినీ తలుచుకుంది.

"ఎవరూ లేరని రాసుకో" అంది.