ముక్కు మీద సిరా

ఆయమ్మ చీపురు పట్టుకుంటే బడిలో దుమ్ము తనంతట తానే లేచి గుమ్మం దాటుతుందంటే నమ్మాలి. సాయంత్రం కొంగు బొడ్లో దోపుకుని, కుళాయి దగ్గర పిల్లల మొహాలు కడిగి ఇళ్లకు పంపుతుంది. వెనక బెంచీ పిల్ల ముక్కుకి మాత్రం రోజూ సిరా అంటుకునే ఉంటుంది. ఆ పిల్లను మళ్లీ అదే తరగతిలో కూర్చోబెడతారని తెలిసి, ఆయమ్మ తడిచేతులతోనే టీచరు దగ్గరికెళ్లింది.

"దానికి బుర్ర లేదు, నేనేం చేయను?" అంది టీచరు.

"బుర్రకేం తల్లీ, బంగారం. కళ్లే ఆనడం లేదు. ముక్కు పుస్తకానికి రాసుకుంటూ రాస్తోంది. ఇక బోర్డేం కనిపిస్తుంది?"

టీచరు ఆ రోజు పాఠాలతో నిండి ఉన్న బోర్డు మీద ఓ మూల ఒక లెక్క వేసి, పిల్లను దానికి జానెడు దూరంలో నిలబెట్టింది. పిల్ల నోటిలెక్కగానే జవాబు చెప్పేసింది. తర్వాత బోర్డంతా పైనుంచి కిందికి చూసి అడిగింది.

"రోజూ దీనిమీద ఇంత రాస్తారా టీచర్?"