రెండు కోళ్ల కైమా

పోయిన ఆదివారం హిందూపురంలో మా వీధి చివరి చికెన్ అంగడికి పోయి ఒక కోడిని కైమా కొట్టివ్వమన్నాను. మా ఒక్కగానొక్క కూతురికి కూరలో ఎముక కనబడితే చాలు, కంచాన్ని మడకశిర దాకా తోసేస్తుంది. కొట్టడమని అలవాటు కొద్దీ అన్నాను గానీ ఇప్పుడు కొట్టేదెవరు, తీరిగ్గా ఒక మెషిన్ కూర్చుని ఉంది, దాని నెత్తిన ముక్కలు వేస్తే మూతిలోంచి సేమ్యాలాగా దిగుతాయి. నాకంటే ముందు వచ్చినాయన కైమా అయిపోగానే అంగడతను ఆ మెషిన్‌ను నిలువునా విప్పి, వేడినీళ్లు పోసి, బ్రష్షు పెట్టి తోమి, పెండ్లికొడుక్కు చేయించినట్టు స్నానం చేయించి, తుడిచి బిగించి, నావైపు తిరిగి, "భయం లేదన్నా, నీ కోడి నీకే వస్తాది. ఇంకొకరిది గోరంత గూడా కలవదు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు. వెనక నిలబడిన నలుగురూ నన్ను చూసి ఒక అడుగు దూరం జరిగారు. పాపం ఆయన తప్పేం అన్నాడు గనక, ఇంకొకరి కోడి కలవడం వల్లనే ఒకప్పుడు ఒక కాపురం చీలకుండా ఆగిందని ఆయనకెట్లా తెలుస్తుంది.

తొంభైల్లో మేం పెనుకొండలో ఉండేవాళ్లం. నాయన ఉద్యోగం హిందూపురంలో, చిన్నాయన పని ధర్మవరంలో ఒక పట్టునూలు అంగట్లో, ఇద్దరూ పొద్దున్నే ఒకే గడపలోంచి బయటపడి ఒకే స్టేషన్‌కు పోయి, ఒకాయన అటుపోయే రైలు, ఇంకొకాయన ఇటుపోయే రైలు ఎక్కేవాళ్లు. ఆ రెండూళ్ల మధ్యలో మా ఇల్లుంది కాబట్టే రైలువాళ్లు పెనుకొండలో స్టేషన్ కట్టారని నేను మీసాలొచ్చేదాకా నమ్మాను. ఇంట్లో అమ్మ, చిన్నమ్మ, అందరి మీదా మా అవ్వ. అవ్వ గొంతు ఎట్లాంటిదంటే, "రాండ్రా కూటికి" అని ఆమె వాకిట్లో ఒక కేక వేస్తే మేమే కాదు, కొండమీది కోట గోడల్లో కాపురముండే కోతులు కూడా చేతులు కడుక్కునేవని మా వీధిలో చెప్పుకునేవాళ్లు. చెప్పుకునేవాళ్లంటే నేనే చెప్పేవాణ్ణి.

పిల్లలం ఐదుగురం, అక్కా నేనూ తమ్ముడూ, చిన్నమ్మ కొడుకూ కూతురూ. తిండి దగ్గర ఐదుగురం ఐదు దిక్కులు. అక్కకు తోలు పనికిరాదు, ప్రతి ముక్కనూ కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి కంసాలి బంగారం చూసినట్టు చూసేది. నాకు ఎముక పనికిరాదు, ఎప్పుడో గొంతులో గడ్డిపోచంత ఎముక గుచ్చుకుంటే అది తాటిమానంత అని ఊరంతా చెప్పుకుని ఉన్నాను, ఇప్పుడు ఎముకలు తింటే పరువేం కాను. తమ్ముడికీ, చిన్నమ్మ కొడుక్కూ కాలు తప్ప కోడిలో ఇంకో అవయవం ఉందని తెలీదు. ఇంక చెల్లెలు, అంటే చిన్నమ్మ కూతురు, దానికి ఏదీ పనికిరాదు. కొత్తిమీర ఆకు ఒకటి కూరలో పడి కరిగిపోయినా దాని పీనుగను వెలికితీసి కంచం అంచున పెట్టేది. దానిచేత తినిపించడానికి ఒకటే ఉపాయముండేది, మా నలుగురి మధ్యలో కూర్చోబెట్టి మేం నములుతా ఉంటే తనూ చూసి చూసి నమిలేది. వరసలో ఒకరు తక్కువైనా నోరు తెరిచేది కాదు.

మన ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో ఆదివారానికి ఇంటికి ఒక కోడి. దేవుడు దానికి రెండే కాళ్లు పెట్టాడు. ఆ పిసినారితనం వల్ల ఎన్ని కొంపల్లో ఎన్ని గొడవలయ్యాయో లెక్కలేదు గానీ మా ఇంట్లో మాత్రం అవ్వ ఒక పద్ధతి పెట్టింది. వారమంతా రైళ్లలో నిలబడి పోయొచ్చే కాళ్లకే కాళ్లు దక్కాలని చెప్పి నాయనకొకటి, చిన్నాయనకొకటి వేసేది. వాళ్లేమో తినేవాళ్లు కాదు. నాయన తన కాలు తీసి పక్కన కూర్చున్న చిన్నమ్మ కొడుకు కంచంలో వేసేవాడు, చిన్నాయన తన కాలు తీసి మా తమ్ముడి కంచంలో వేసేవాడు. ఎవరి కొడుక్కు వాళ్లు వేసుకుంటే నలుగురూ ఏమనుకుంటారని, ఒకరి బిడ్డకు ఒకరు. ఈ మర్యాద ఏండ్ల తరబడి జరిగింది. అన్నదమ్ములు దాన్ని గురించి ఒక్కనాడూ నోరు విప్పి మాట్లాడుకోలేదు. మంచి మర్యాదలన్నీ అట్లాగే నడుస్తాయి, చెడేటప్పుడు కూడా అట్లాగే చప్పుడు లేకుండా చెడతాయి.

ఒక ఆదివారం తమ్ముడూ చిన్నమ్మ కొడుకూ పీట కోసం కొట్టుకుని, చివరికి అవ్వ గరిటెకు భయపడి చోట్లు మార్చుకుని కూర్చున్నారు. నాయనకు భోజనం దగ్గర పేపరు చదివే అలవాటు. తలెత్తకుండా, ఎప్పటిలాగే ఎడమ చేతివైపు కంచంలో కాలు వేశాడు. అక్కడున్నది తమ్ముడు. చిన్నాయన చూసి వేసే మనిషి, తమ్ముడు యాడున్నాడో చూసి మరీ ఆ కంచంలోనే తన కాలూ వేశాడు. మా తమ్ముడు ఒకసారి ఆకాశంవైపు చూశాడు. తర్వాత, ఏ జన్మలో చేసిన పుణ్యమో చేజారకుండా, రెండు కాళ్లనూ ఒకదాని తర్వాత ఒకటి కొరికాడు. తినడానికి కాదు, ఎంగిలి చేయడానికి. ఎంగిలైన కాలును ఇంకొకరికి తీసి వెయ్యడానికి మా అవ్వ పద్ధతి ఒప్పుకోదని వాడికి బాగా తెలుసు.

చిన్నమ్మ కొడుకు ఏడుపు ధర్మవరం జంక్షన్ దాకా వినబడిందని నా అంచనా. చిన్నమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి మెల్లిగా, "ఎవురి బిడ్డలెవురో పెద్దోళ్లకు బాగానే తెల్సులే అక్కా" అంది. అమ్మ అంతకంటే మెల్లిగా, "కోడికాళ్లు లెక్కబెట్టుకుంటా కూర్చుంటే కాపురాలు జరగవు చెల్లీ" అంది. గట్టిగా అరుచుకుని ఉంటే సాయంత్రానికి సద్దుమణిగేది. మెల్లిగా అన్నారు కాబట్టి నిలిచిపోయింది. మరుసటి రోజుకు వసారాలో కిరసనాయిలు స్టవ్వు వెలిసింది, దాని చుట్టూ చిన్నమ్మ గిన్నెలు, పప్పుల డబ్బా, ఒక విడి ఉప్పు సీసా. ఒక ఇంట్లో రెండు ఉప్పులంటే మీకు తెలిసిందే. ఇంకో రెండు రోజులకు చిన్నాయన ధర్మవరంలో ఒక ఇల్లు చూసొచ్చాడని, సోమవారం ఆ ఇంటాయనకు మాట చెప్పేస్తాడని తెలిసింది. నాయన పేపరు చదవడం మానేశాడు, పేపరు పట్టుకునే ఉండేవాడు గానీ పేజీ తిప్పేవాడు కాదు.

ఆ వారం మాకు చదువులు కూడా రెండు, ఆటలు కూడా రెండు. అన్నింటికంటే కష్టం చెల్లెలితో వచ్చింది. వసారాలో అన్న ఒక్కడి పక్కనే కూర్చుని, నడవలోంచి మా ముగ్గురి వీపులు చూస్తా, కంచంలో వేలు కూడా పెట్టేది కాదు. చిన్నమ్మ బతిమాలింది, కతలు చెప్పింది, బొరుగులు నానబెట్టి ఒగ్గాణి చేసింది, చక్కెర పాలు కలిపింది. రెండు ముద్దలు పోయేది, మిగతాది పిల్లికి. వారం తిరిగేసరికి అసలే పుల్లలాంటి పిల్ల గాలొస్తే తలుపు పట్టుకుని నిలబడేది. మామూలుగా నేను చెప్పేవాటిలో సగం తీసెయ్యాలి గానీ ఇది మాత్రం ఉన్నదున్నట్టు చెప్తున్నాను. చిన్నమ్మ చీకట్లో కొంగుతో కళ్లు తుడుచుకోవడం అమ్మ చూసింది, చూసి కూడా లేచి పోలేకపోయింది. ముందు మాట్లాడితే తగ్గినట్టు గదా.

ఆదివారమొచ్చింది. అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకోకుండానే ఒకే అంగడికి పోయి, ఒకే బల్ల మీద ఒకరి పక్కన ఒకరు కూర్చుని, చెరొక కోడి కొట్టించుకున్నారు. "ఏమప్పా, ఇంటికి చుట్టాలొచ్చిండారా, రెండు కోళ్లు పట్టుకపోతాండారు" అని అంగడాయన అడిగితే ఇద్దరూ ఒకేసారి ఊ అన్నారట. ఒకాయన ఆ వీధిన, ఒకాయన ఈ వీధిన ఇల్లు చేరారు. అమ్మ తన కోడిని వంటింట్లో, చిన్నమ్మ తన కోడిని వసారాలో కడిగి గిన్నెల్లో పెట్టుకున్నారు. ఇంట్లో మొదటిసారి నాలుగు కోడికాళ్లు. తమ్ముడికీ చిన్నమ్మ కొడుక్కూ అది స్వర్ణయుగం కావాలి. వాళ్లిద్దరూ పెరట్లో చెరొక మూల కూర్చుని మట్టి గీకుతున్నారు.

అమ్మ మసాలా నూరడానికి పెరట్లో రోటి దగ్గరికి పోయింది. చిన్నమ్మ బిందె తీసుకుని వీధి బోరింగుకు పోయింది. అప్పటిదాకా వారం రోజులుగా ఒక్క మాట కూడా మాట్లాడని మా అవ్వ లేచింది. వంటింట్లో గిన్నె తెచ్చింది, వసారాలో గిన్నె తెచ్చింది, నడవలో మొద్దు వేసుకుని, మచ్చుకత్తి కడుక్కుని కూర్చుంది. తోలు పీకేసింది, ఎముకల నుంచి కండ వలిచేసింది, ఎముకలను చారుకు పక్కన పెట్టింది, కండనంతా మొద్దు మీద గుట్ట పోసి టకటకమని కొట్టడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు రైలు వంతెన మీద పోయినట్టుంది. మేకమాంసాన్ని కైమా కొట్టడం చూశాం గానీ కోడిని అట్లా కొట్టడం మా వీధిలో ఎవరూ ఎరగరు. మేం ఐదుగురం తలా ఒక మూల నుంచి వచ్చి చుట్టూ నిలబడ్డాం.

అమ్మ నూరిన మసాలాతో, చిన్నమ్మ నిండు బిందెతో ఒకేసారి వచ్చారు. మొద్దు మీద ఒకే గుట్ట, ఎర్రగా, మెత్తగా, తలా తోకా లేకుండా. అవ్వ చెయ్యి తుడుచుకుంటా, "ఎవురి కోడి యాడుండాదో ఏరుకోండి" అంది.

ఏరుకోవడానికేముంది. వాళ్లిద్దరూ ఆ గుట్టను ఎంతసేపు చూశారంటే నాకు కాళ్లు నొప్పి పుట్టాయి. చివరికి చిన్నమ్మ బిందె దించి, చాప మీద కూర్చుని తెల్లగడ్డలు ఒలవడం మొదలుపెట్టింది. అమ్మ అటక మీది పెద్ద గిన్నె దించమని నాకు చెప్పింది, ఎందుకంటే రెండు కోళ్లు పట్టే గిన్నె ఆ ఇంట్లో అదొక్కటే, ఆ గిన్నె స్టవ్వు మీద నిలబడదు, వంటింట్లో కట్టెల పొయ్యి మీదనే నిలబడుతుంది. నూనెలో ఎర్రగడ్డలు వేగినాక అల్లం తెల్లగడ్డ, పసుపు, తర్వాత కైమా, తన నీళ్లలో తానే ఉడికిపోయేదాకా కలపడం, చిన్నమ్మ డబ్బాలోంచి పుట్నాల పప్పులు తీసి ఎండుకొబ్బరితో నూరి పైన వేసి దించడం. పిల్లలకని కారం సగమే వేశారు. బియ్యం ఉడికేలోపల కూర అయిపోయింది. "ఉప్పు చూడు చెల్లీ" అంది అమ్మ. "సాల్లేదు, ఉండు" అని చిన్నమ్మ వసారాలోకి పోయి తన ఉప్పు సీసా తెచ్చి వేసింది. ఆ సీసా మళ్లీ వసారాకు పోలేదు.

ఐదుగురం వరసగా కూర్చున్నాం. అక్క ముక్క ఎత్తి చూడబోతే ఎత్తడానికి ముక్క లేదు. నాకు గుచ్చుకోవడానికి ఎముక లేదు. తమ్ముడు కూరంతా వేలితో కెలికి, "కాలు యాడుండాది అవ్వా" అని అడిగాడు. "అంతా కాలే తినురా" అంది అవ్వ. నాయన తన కంచంలోంచి కూర చేతిలోకి తీసుకుని, అలవాటుగా ఎడమ చేతివైపు పెట్టబోయి ఆగి, పేపరు కింద పెట్టి, తలెత్తి ఎవరెక్కడున్నారో ఒకసారి చూసి, ఐదు కంచాల్లోనూ తలా కొంచెం పెట్టాడు. చిన్నాయన కూడా అట్లాగే పెట్టాడు. చెల్లెలు అటు చూసింది, ఇటు చూసింది, నలుగురం నములుతున్నాం. తనూ నోరు తెరిచింది. ఆ మధ్యాహ్నం అది తిన్న తిండి చూసి పిల్లి ఇల్లొదిలి పోయింది. సోమవారం చిన్నాయన ధర్మవరం పోయి ఇల్లు వద్దని చెప్పి సాయంత్రం రైలుకు తిరిగొచ్చాడు. స్టవ్వు మీద ఆ తర్వాత నీళ్లు కాచుకున్నాం.

అప్పటినుంచి మా ఇంట్లో ఆదివారమంటే కైమానే, అది కూడా రెండు కోళ్లది, ఒకటి నాయన, ఒకటి చిన్నాయన తెచ్చేవాళ్లు. రెండువేలు దాటినాక చిన్నమ్మ కొడుకు కాలేజీకని వాళ్లు ధర్మవరం, మా చదువులకని మేం హిందూపురం పోయాం, ఏ గొడవా లేకుండా, నవ్వుకుంటా, ఒకరి సామాను ఒకరు లారీకెత్తుకుంటా. అవ్వ కొన్నాళ్లు ఇక్కడ, కొన్నాళ్లు అక్కడ తిరిగి, ఒకరోజు నిద్రలోనే పోయింది.

మొన్న ఆదివారం మెషిన్ కైమా తెచ్చి పొయ్యి ముందు నిలబడితే పప్పుల పొడి ఎంతెయ్యాలో గుర్తురాలేదు. చిన్నమ్మకు ఫోన్ చేశాను. "ఒక కోడికి ఎంతో నాకేం తెల్సురా నాయనా. నేనెప్పుడూ రెండిటికే చేసినా" అంది. అందాజుగా వేశాను. మా కూతురు ఎముక లేదని మెచ్చుకుని, సెల్‌ఫోన్ చూసుకుంటా తినేసింది. దాని పక్కన చూసి నమలడానికి ఎవరూ లేరు, కంచంలోంచి తీసి పెడదామని నేను చెయ్యి చాపితే, నాకున్నాది కదా నాన్నా అంది. కూర బాగానే ఉంది. మా కోడి మాకే వచ్చింది, అంగడతను చెప్పినట్టు గోరంత కూడా ఇంకొకరిది కలవలేదు.