ఓడటంలో ఉస్తాదు

చదరంగపు మహామహుల చరిత్రలు రాసేవాళ్లు వాళ్ల గెలుపులనే ఏకరువు పెడతారు. ఎల్లారెడ్డి ఊరి లింగయ్య తొమ్మిదేళ్లలో ఒక్క ఆట కూడా గెలవలేదు. అయినా ఆ ఊళ్లో అతన్ని మించిన ఆటగాడు లేడు. రెండు మాటలూ నిజమే.

లింగయ్య రాజయ్య పటేలు ఇంట్లో జీతగాడు. పటేలు కరణంతో ఆడుతుంటే పక్కన నిలబడి విసనకర్ర విసురుతూ ఆట నేర్చుకున్నాడు. కరణం కాలం చేశాక పటేలుకు ఓడించడానికి మనిషి కరువై, ఆ కొలువు లింగయ్యకు దక్కింది. పటేలు కుర్చీలో, లింగయ్య నేల మీద గొంతుకూర్చుని, మధ్యలో పీట మీద చదరంగపు పలక.

పటేలుది ధాటిగల ఆట అని ఊరంతా చెప్పుకునేది. చెప్పుకోక చస్తుందా? మూడో ఎత్తుకే మంత్రిని పలక నడిమికి తోలేవాడు. వెనుక కాపలా ఉందా అని చూసుకోవడం ఆయన దృష్టిలో పిరికితనం. ఏ బంటయినా ఆ మంత్రిని చంపవచ్చు. కాని ఎల్లారెడ్డిలో పటేలు మంత్రిని ముట్టే మొనగాడెవడు? ఎప్పుడైనా లింగయ్య గుర్రం దాని మీదికి వచ్చిందనుకోండి, "తప్పయింది పటేలా" అని వెనక్కి తీసుకునేవాడు. అదంతా తన ప్రతాపమే అనుకునేవాడు పటేలు, పాపం.

లింగయ్య పనితనం ఇంకా గొప్పది. త్వరగా ఓడితే పటేలుకు విసుగు, ఆలస్యమైతే ఆకలి. ఓడేముందు కాసేపు గెలిచేటట్టు కనబడాలి. కుర్చీలోని ముఖం ముడుచుకోగానే ఏనుగునో గుర్రాన్నో పనికిమాలిన చోటికి జరిపి, "అయ్యో, చూసుకోలే" అని నెత్తి కొట్టుకోవాలి. గెలవడం ఎవడైనా నేర్చుకుంటాడు గాని, ఇట్లా ఓడటానికి పెట్టి పుట్టాలి.

పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిదిలో అనుకుంటాను, కామారెడ్డి స్టేషన్‌లో పార్సిలు గుమాస్తా యాకూబు గట్టి ఆటగాడని పటేలు చెవిన పడింది. ఇంకేముంది, బండి కట్టించి లింగంపేట మీదుగా బయలుదేరాడు. పలక మోయడానికి లింగయ్య వెంట ఉన్నాడు.

మూడో ఎత్తుకు పటేలు మంత్రి యథాప్రకారం నడిమికి వచ్చింది. యాకూబు బంటుతో దాన్ని చంపి పక్కన పెట్టాడు. అతను "తప్పయింది" అంటాడేమోనని పటేలు చాలాసేపు ఎదురుచూశాడు. యాకూబు బీడీ ముట్టించాడు.

ఇంకో పది ఎత్తుల్లో ఆట కట్టయింది. చుట్టూ చేరిన హమాలీలు నవ్వు ఆపుకోలేకపోయారు. పటేలు ముఖం కందిపోయింది.

"ఎండకు నా తల తిరిగింది గని, నీకు నా జీతగాడు చాలు!" అని యాకూబుతో అని, లింగయ్య వైపు తిరిగాడు. "గెలువురా లింగా. గెలిస్తే నీ నాగవ్వ రేపటి సంది మా ఇంటికి వెట్టికి రావద్దు. పది మంది ముంగట చెప్తున్న."

నాగవ్వ లింగయ్య భార్య. పెండ్లయిన నాటి నుంచి కూలి లేకుండా పటేలు వాకిలి ఊడ్చి, నీళ్ల గోళాలు నింపి, ఆమె నడుము వంగిపోయింది. ఇన్నేళ్లలో మొదటిసారి, లింగయ్యకు గెలవమని హుకుం అయింది.

యాకూబు తన కుర్చీలోంచే ఎదుటి కుర్చీ చూపించాడు. లింగయ్య నేల మీదే కూర్చుని ఆడాడు. ఎంత బాగా ఆడాడో! అరగంటలో యాకూబు రాజు మూలకు చేరింది. ఇంకొక్క బంటు జరిపితే ఆట కట్టు. బంటుతో కట్టడమంటే ఆటలో అంతకు మించిన గొప్ప లేదు. యాకూబుకూ అది కనబడింది. "అరె" అన్నాడు, ముఖం ముడుచుకుంది.

కుర్చీలోని ముఖం ముడుచుకుంది. లింగయ్య చెయ్యి లేచింది, ఏనుగును పట్టుకుంది, ఎవరికీ పనికిరాని చోట పెట్టింది. "అయ్యో, చూసుకోలే" అని నోరు దానంతటదే అంది. చేసిందేమిటో అప్పుడు తెలిసింది లింగయ్యకు. ముట్టిన పావును మళ్లీ మార్చనివ్వరు. అయిదు ఎత్తుల్లో ఓడిపోయాడు.

పటేలు ఆనందం పట్టలేకపోయాడు. "నేనే ఓడిన, నువ్వెట్ల గెలుస్తవురా!" అని లింగయ్య వీపు తట్టి, చాయ్ కూడా తాగించాడు.

పలక సర్దుతుంటే యాకూబు వంగి మెల్లగా అడిగాడు. "బంటు జరిపితే అయిపోతుండె గద. కనబడలేదా?"

"కనబడ్డది సాబ్. చెయ్యి ఇనలే."

మర్నాడు పొద్దున ఇంట్లో నాగవ్వకు ఉన్నదున్నట్టు చెప్పాడు, పటేలు ఇచ్చిన మాటతో సహా. చెబుతుంటే ఏడుపొచ్చింది. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"ఏడువకు," అంది నాగవ్వ. "నువ్వు గెలిచినా, పొద్దు పొడువంగనే నా కాళ్లు నన్ను అటే తీస్కపోతుండె."

చీపురు చంకన పెట్టుకుని పటేలు ఇంటికి బయలుదేరింది.