బాబాయి దాచిన రెండెకరాలు

ఎన్ని ఎకరాలండీ అని మా బాబాయిని అడిగితే, అడిగినవాడి మొహం చూసి జవాబు చెబుతాడు. పెళ్లిసంబంధం వాళ్లకైతే పది. చేతిలో కాగితం ఉన్నవాడికి నాలుగు. నిజానికి ఉన్నది ఆరు. దీన్ని అబద్ధమనకండి, మా ఊరి ఆచారం. నీటి తీరువా, అదే నీటి పన్ను, రాసేవాళ్లు వస్తున్నారంటే చాలు, తాతల కాలం నుంచీ మా మాగాణిలో కొంత మెట్టయిపోతుంది. వాళ్ల జీపు మలుపు తిరిగాక అందులోనే వరి పండుతుంది.

చల్లపల్లి దాటాక, కాలువ చిట్టచివర మా పొలాలు. శివారు రైతులంటారు మమ్మల్ని. పైవాళ్లందరూ తడుపుకోగా మిగిలిన నీళ్లు మావి. ఏడో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టినవాణ్ణి గానీ, ఆ మిగులు లెక్క నాకు ఏ మాస్టారూ నేర్పక్కర్లేదు.

కిందటి ఏడాది నాట్లయ్యాక విజయవాడ నుంచి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. చేతిలో ట్యాబు, కాళ్లకి తెల్ల బూట్లు. కృష్ణ పుట్టిన చోటు నుంచి సముద్రం దాకా, ఏ రాష్ట్రంలో ఎంత భూమి నది నీళ్లతో పండుతోందో కొలుస్తున్నారట. ఆకాశం నుంచి ఫొటోలు తీశారు గానీ, మబ్బులు అడ్డొచ్చి మా శివారు సరిగా పడలేదట.

"మీకు ఎంత తడుస్తుందండీ?" అని బాబాయిని అడిగింది.

"నాలుగెకరాలమ్మా. ఈ కింద రెండూ మెట్ట. వానొస్తే పండుద్ది, లేకపోతే లేదు."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఆ మెట్టలోనే పిక్కల దాకా నీళ్లలో నిలబడి ఉన్నాడు.

ఆ రెండెకరాల కింద నాది ఎకరన్నర. ఇద్దరికీ నీళ్లు తెచ్చే పిల్లకాలువ, బోదె, ఒకటే. బాబాయిది మెట్ట అని రాస్తే బోదె అక్కడితో ఆగినట్టే.

"లెక్కలో లేని చేను ఏమవుద్ది మేడమ్?" అన్నాను.

"నీళ్లు పంచేటప్పుడు అది లేనట్టేనండీ."

"అయితే మెట్టని రాయకండి. మా బాబాయి మెట్టలో కప్పలు ఈతకొడుతున్నాయి, మీరే చూడండి."

"నోరు ముయ్యరా సన్నాసీ!" బాబాయి అరిచాడు. "రేపు ఈ లెక్క తీరువా వాళ్లకి చేరితే నువ్వు కడతావా?"

"కడతా. నీ రెండెకరాలదీ కలిపి కడతా. పైవాళ్లు బీడుని కూడా మాగాణని రాయించుకుంటుంటే, పండే చేను మనమే దాచుకోవడమేంటి బాబాయ్?"

అప్పటికి గట్టు మీద నలుగురు రైతులు పోగయ్యారు. తలా నాలుగు సెంట్లయినా దాచినవాళ్లే. పక్క చేను మామయ్య నా మీదికొచ్చాడు.

"అందరి కొంపలూ ముంచావు కదరా!"

"మునగాలన్నా ముందు నీళ్లు రావాలి కదా మావా."

ఒక్కడూ నవ్వలేదు. నేనూ వెనక్కి తగ్గలేదు. ఉన్నది ఉన్నట్టు కొలిస్తేనే ఆవిడ లెక్క కింద వేలిముద్రో సంతకమో ఏదైనా పెడతానని, లేకపోతే సాయంత్రం దాకా బోదెకి అడ్డంగా కూర్చుంటానని చెప్పాను.

ఇంజనీరమ్మ నన్నూ బురదనీ మార్చి మార్చి చూసింది. బూట్లు విప్పి చేత్తో పట్టుకుంది. చేను చుట్టూ గట్ల మీద నడిస్తే ట్యాబే కొలుస్తుందట. నేను ముందు, ఆవిడ వెనక. రెండుసార్లు జారింది, ఒకసారి నా చొక్కా పట్టుకుంది. బాబాయి మాత్రం మా వంక చూడకుండా కలుపు లేని చోట కలుపు తీస్తూ కూర్చున్నాడు.

చుట్టు పూర్తయ్యాక ఆవిడ చదివింది: "మొత్తం ఐదెకరాల తొంభై ఆరు సెంట్లండీ. అంతా మాగాణే."

బాబాయి చటుక్కున లేచాడు.

"తొంభై ఆరేంటి? ఆరు! నా నాలుగు సెంట్లు ఎక్కడికి పోయినయ్? మళ్లీ కొలవమ్మా!"

రెండోసారి ఆయనే ముందు నడిచాడు, పాదం సగం పక్క చేనులోకి జారేంత అంచు మీద. ఆ చేను మామయ్యది. ఆయన ఊరుకుంటాడా? "నా గట్టు దిగు ముందు! తర్వాత నాది కూడా కొలవండి మేడమ్, అంగుళం వదలొద్దు" అని తనూ బురదలోకి దిగాడు.