ఎవరూ లేరని రాసిన ఇల్లు

పోయిన నెల ఒక సోమవారం మా చిన్నత్త పోయింది. కబురు పావగడ బస్సు కండక్టరు చెప్పి వెళ్లాడు. నాకు ఏడుపు రాలేదు.

ఆమె మా నాయన చెల్లెలు. బుద్ధి ఎదగలేదని ఊరంతా ఆమెను చిన్నపిల్లలాగే చూసింది. కరువు రోజుల్లో బెంగళూరు నుంచి ఒక డాక్టరమ్మ వచ్చి, ఇలాంటి వాళ్లను ఇళ్లల్లో ఎలా చూసుకుంటున్నారో తెలుసుకునే సర్వే మొదలుపెట్టింది. ఇల్లిల్లూ తిరిగి ఫారాలు నింపే పని నాకిచ్చి, "మీ అత్తనూ తీసుకుపో. నీకెంత పనుందో ఆమెకూ అంతే ఉంది" అంది. నేను లోలోపల నవ్వుకున్నాను. తెలివి ఎవరికి తక్కువో అప్పటికి నాకు తెలీదు.

ఎవరింట్లో మజ్జిగ ఇచ్చినా అత్త చివరి గుటక వదిలేసేది. "లోపల ఉండేటోళ్లకు" అనేది.

నాగలమడికలో ఒక మిట్టమధ్యాహ్నం. వీధిలో కుక్క కూడా లేదు. ఒక ఇల్లాలు గడపలో నిలబడి, "మా ఇంట్లో అట్లాటోళ్లు ఎవురూ లేరమ్మా" అంది. ఎవరూ లేరని రాసి లేచాను. అత్త కదల్లేదు. కొంగుముడిలోంచి ఒక శెనక్కాయ తీసి, గొర్రెల దొడ్డి పక్కనున్న గది గోడ దగ్గర ఊపింది. బాగా ఎండిన కాయ గలగలమంటుంది. ఆ ఏడు వాన లేక అన్నీ గింజ లేని లొట్టలే. నాకేమీ వినపడలేదు. లోపల నుంచి మాత్రం ఎవరో మూడుసార్లు గోడ తట్టారు.

ఇల్లాలు కూలబడిపోయింది. "కూలికి పోవల్ల గదమ్మా. నా బిడ్డ బాయిలో పడతాదని గొళ్లెం పెట్టి పోతా."

నేను ఆమెనే ప్రశ్నలు అడగబోయాను. అత్త ఫారం మీద అరచెయ్యి పెట్టింది. "ఆయమ్మను కాదు పాపా. లోపల ఉండేదాన్ని అడుగు."

తనే ఆ చీకటి గదిలోకి వెళ్లి చాలాసేపు కూర్చుంది. మాటలేవీ వినపడలేదు. బయటికొచ్చి, "బాయంటే బయ్యం లేదంట. గొళ్లెం సప్పుడంటేనే బయ్యమంట" అంది.

తల్లి గడప పట్టుకుని లేచింది. "అది పుట్టినప్పటి నుంచి ఒక్క మాటా మాట్లాడలేదే."

వారం తిరక్కుండా ఆ తలుపు తీసేసి తడిక పెట్టారు. డాక్టరమ్మ ఫారంలో మొదటి ప్రశ్న మార్చింది: నీకు దేనికి భయం? అది తల్లిని కాదు, ఆ మనిషినే అడగాలి. నేను నేర్చుకున్న పనంతా ఆ అరచేతి కింద నేర్చుకున్నదే.

ఆరోజు తిరిగి వస్తూ, "లోపల ఉండారని నీకెట్ల తెలుసత్తా?" అని అడిగాను.

"నన్నూ పెట్టినారు గదా, సుట్టాలొచ్చినప్పుడు ఎనక గదిలో. ఎవురన్నా తడతారేమోనని సూస్తా ఉంటి."

చిన్నప్పుడు ఆ చుట్టాలకు "లోపల ఎవురూ లేరు" అని చెప్పింది నేనే. అత్త ఆ మాట ఎత్తలేదు. ఆ సిగ్గు నన్ను ఈరోజుకీ వదల్లేదు.

దినాల నాడు మా ఇంట్లో ఆమె చీర మడతపెడుతుంటే కొంగుముడిలో ఒక కాయ దొరికింది. ఊపాను. లొట్టకాయ, మోగలేదు. అదే వెనక గదిలోంచి మూడుసార్లు తట్టిన చప్పుడైంది.

భోజనాల దగ్గర చేతులన్నీ ఆగిపోయాయి. "లోపల ఎవురుండారు?" అని ఒక చుట్టం అడిగాడు.

ఎవరూ లేరని చెప్పడానికి ఈసారి నాకు నోరు రాలేదు. లేచి వెళ్లి గొళ్లెం తీశాను. ఆ తలుపు ఇప్పటికీ తెరిచే ఉంది.