కాయితాలకు ఊ కొట్టించిన రోజు

నా చిన్నప్పుడు జరిగింది ఏది చెప్పినా నేను పెంచి చెబుతానని మా బంధువుల్లో గిట్టనివాళ్ళు అంటారు. గిట్టేవాళ్ళు కూడా అంటారు. ఒప్పుకుంటున్నాను, ఇందులోనూ పెంచాను. పెంచినవాటిని మీరే పట్టుకోండి. పూర్తిగా కల్పించింది మాత్రం ఒకటే ఉంది, అది చివర్న నేనే చెబుతాను.

అప్పుడు నేను ఇంటర్ మొదటి సంవత్సరం. మాది కళింగపట్నం, కాలేజీ శ్రీకాకుళంలో. స్కాలర్‌షిప్పు వస్తే చదువు, రాకపోతే నౌపడ ఉప్పుమడుల్లో కూలి. మా నాన్న అక్కడి మేస్త్రీతో అప్పటికే మాట్లాడి ఉంచాడు. దరఖాస్తుకు ఏడు కాగితాలు జతచేయాలి. ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, రేషన్ కార్డు జిరాక్సు, టెన్త్ మార్కుల జాబితా, ఇంకా అలాంటివే మరో మూడు. వాటిని పుచ్చుకునే గుమస్తా శ్రీకాకుళం స్కాలర్‌షిప్పుల ఆఫీసులో ఒక కిటికీ వెనకాల కూర్చునేవాడు. పేరుకే అది కిటికీ. పిల్లి కూడా తల పట్టదని వెనక్కి తిరిగిపోయేటంత కంత. అందులోంచి ఆయన మొహం ఎప్పుడూ సగమే కనిపించేది. ఆ సగానికే నాకు ముచ్చెమటలు పోసేవి.

ఆయన పద్ధతి ఒకటే. దారంతో కుట్టిన నా కట్టను విప్పడు, తిరగెయ్యడు. బరువు చూస్తున్నట్టు అరచేతిలో ఒకసారి ఎగరేసి, "ఆదాయం సర్టిఫికెట్టు లేదు, పో" అనేవాడు. ఉందండీ అనే నోరు నాకు లేదు. అంత పెద్ద కుర్చీలో కూర్చున్నాయన లేదంటే ఉన్నది కూడా లేకుండా పోయుంటుందని నమ్మి, మండలాఫీసు మెట్లు అరిగేలా తిరిగి ఇంకోటి తెచ్చేవాణ్ణి. తర్వాతి వారం రేషన్ కార్డు లేదనేవాడు. ఆ పై వారం మళ్ళీ ఆదాయం. చివరికి లేని ఆదాయానికి మా ఇంట్లో మూడు ధ్రువపత్రాలు పోగయ్యాయి. జిల్లాలో అంత ఆదాయం ఇంకెవరికీ ఉండి ఉండదు. ఇంటికి పోయే బస్సులో, ఊరు చేరేలోపు, ఆయన్ని కనీసం పదకొండుసార్లు వంశధారలో ముంచేవాణ్ణి.

ఆఖరి తేదీ నాడు మా మేనత్త నాతో బయల్దేరింది. ఆమె ఎండుచేపల తట్టతో రోజూ శ్రీకాకుళం వచ్చి వీధుల్లో అమ్మేది. అక్షరం ముక్క రాదు. గొంతు మాత్రం, ఆమె రేవులో దగ్గితే కెరటం ఒకడుగు వెనక్కి వేసేటంతటిది. బస్సులో నా గోడు విని జాలిపడుతుందనుకున్నాను. పడలేదు.

"కట్ట ఇప్పకుండా లేదన్నాడా? నువ్వు నోరు మూసుకుని వచ్చీసినావేట్రా? సేపల తట్ట ఎంచకుండా దింపీసి ఎల్లిపోతావేట్రా ఒరే, ఎదవా?"

మా రేవులో చేపలు అప్పజెప్పడానికి ఒక పద్ధతి ఉంది. అమ్మేవాళ్ళు ఒక్కొక్క చేపా ఎత్తి చూపించి పైకి లెక్కపెడతారు. మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. కొనేవాడు ప్రతి లెక్కకూ ఊ అనాలి. ఊ అనేదాకా రెండోది కదలదు. అన్నాక ఒకటి తగ్గిందని వాడు అంటే రేవు రేవంతా వాడి మొహమ్మీదే నవ్వుతుంది. బస్సు దిగేలోపు మా అత్త ఆ ఏడు కాగితాల పేర్లూ వరసగా నాచేత చెప్పించుకుని వల్లె వేసింది.

ఆఫీసు ముందు వరస నాగావళి వంతెన దాకా ఉంది. మా వంతు వచ్చాక ఆమె తట్ట కిందికి దింపి, కట్టకున్న దారం పంటితో తెంపింది. నేను పక్కనే నిలబడి ఒక్కొక్క కాగితం అందించాను.

"లాభం. ఇది ఆదాయం కాయితం. ఊ అను బాబూ."

గుమస్తా తలెత్తాడు. "ఏటమ్మా ఇది? ఆఫీసనుకున్నావా, సేపల రేవనుకున్నావా?"

"రేవులో ఐతే ఈపాటికి ఊ అనీసేవోరు. లాభం."

"అక్కడెట్టి పో. తరవాత సూస్తాను."

"సూడు. నాను నిలబడుంటాను. లాభం."

ఆమె గొంతు పెంచలేదు. కాగితాన్ని కంతలో సగం దూర్చి, మిగతా సగం వదలకుండా పట్టుకుని నిలబడింది. వెనక ఎవరో "ఊ అనీవయ్యా, మా బస్సెల్లిపోతాది" అన్నారు. గుమస్తా మొహం ముందు కందగడ్డ అయింది, తర్వాత వంకాయ అయింది. పళ్ళ సందుల్లోంచి ఒక ఊ వచ్చింది. రెండోదానికీ వచ్చింది. నాలుగో కాగితానికల్లా వెనకున్న నలభైవేల మందీ ఆయనతో కలిసి ఊ కొట్టారు. ఏడో ఊ తర్వాత ఆయన ముద్ర గుద్దిన చప్పుడు ఎచ్చెర్ల దాకా వినిపించింది. రసీదు ముక్క చింపి బయటికి విసిరాడు. మా అత్త వంగలేదు.

"సేతికియ్యి."

కుర్చీలోంచి లేచి, బయటికొచ్చి, నేలమీది రసీదు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

స్కాలర్‌షిప్పు వచ్చింది. ఉప్పుమడుల మేస్త్రీ ఇంకొకణ్ణి చూసుకున్నాడు. నా కోపమంతా బస్సులో ఖర్చైపోయేది. ఆమె కోపం కిటికీ దగ్గరే, ఒక్క మాట ఎక్కువ కాకుండా, పని అయ్యేదాకా నిలబడింది. మొన్న మా అమ్మాయి ఫీజు దరఖాస్తుకు గ్రామ సచివాలయంలో కంప్యూటర్ ముందున్న కుర్రాడు ఏదో పత్రం ఎక్కలేదన్నాడు. ఏదో కాదు, ఏది, తెరిచి చూపించు అన్నాను. ఒక్కొక్కదానికీ ఊ అనిపించాను. అన్నీ ఎక్కే ఉన్నాయి. ఆనాటి గుమస్తా మీద కసి నాకు ఇంకా పోలేదు, పోగొట్టుకునే ఉద్దేశమూ లేదు.

ఇక కల్పించిన ముక్క. వరస వంతెన దాకా లేదని మీకు తెలుసు, అది పెంచడం. ఆమె పక్కన నిలబడి కాగితాలు అందించానన్నానే, కల్పన అది. వరసలో నా క్లాసువాళ్ళున్నారు. తట్ట వాసన కొడుతోంది. నేను వరండా స్తంభం వెనక నక్కాను. కుర్రాడేడని గుమస్తా అడిగినప్పుడు ఆమె నన్ను చూసింది. చూసి, కిటికీ వైపు తిరిగి, "జొరం బాబూ, ఇంటికాడున్నాడు" అంది.

తిరుగు బస్సులో ఆమె ఆ మాట ఎత్తలేదు, ఎప్పుడూ ఎత్తలేదు. ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ నేనే వెళ్ళి ఆమె పక్కన నిలబడుతున్నాను.