డిక్కీలో ఉన్నంతసేపు

మా వైపు మనిషిని నిలువునా కోసినా 'అండీ' అనే కోస్తారు. ఏలూరులో మా మామగారిది ఆ విద్యలో అందెవేసిన చెయ్యి. పెళ్ళిళ్ళకు షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు అద్దెకిచ్చేవారాయన. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, టాపు వెనక్కి మడిచే పాత కారొకటి మద్రాసు నుంచి కొనుక్కొచ్చారు, పెళ్ళికొడుకుల ఊరేగింపులకని. నేను ఇల్లరికపు అల్లుణ్ణి. విడిభాగాల కొట్టు పెట్టి మూసేసినవాణ్ణి. అద్దెకు వెళ్ళిన కుర్చీలు తిరిగొచ్చాక సరిచూసుకోవడం ఆ ఇంట్లో నా ఉద్యోగం. విరిగిన కుర్చీకున్న విలువ నాకు లేదని ఆయన ఎప్పుడూ అనలేదు, అనాల్సిన అవసరం రాలేదు.

కారు చూడ్డానికి జమీందారులా ఉండేది. వాన పడితే మాత్రం డిక్కీలో నీళ్ళు. ఒకసారి కొల్లేటి పక్కన మండవల్లి పెళ్ళికి వెళ్తుంటే దారిలో వాన పట్టుకుంది. డిక్కీలో పెట్టిన పెళ్ళివారి పట్టుచీరలు తడిసి, ఎర్రచీర రంగు పసుపుచీరలోకి దిగింది. పెళ్ళికూతురి మేనత్త మామగారిని పట్టుకుని పదిమందిలో కడిగేసింది. ఆయన ఆ తిట్లన్నీ భద్రంగా ఇంటికి తెచ్చి నాకు వడ్డించారు.

డిక్కీ మూత చుట్టూ రబ్బరు బీడింగు మార్పించాం. వెనక లైట్లు ఊడదీసి సందుల్లో సీలెంటు పూశాం. అయినా నీళ్ళు వస్తూనే ఉన్నాయి. చివరికి మామగారికో ఆలోచన తట్టింది. లోపలి చాప తీసేసి, అంతా తుడిచి ఆరబెట్టి, ముగ్గుపిండి పల్చగా చల్లాలి. నీళ్ళు వచ్చిన దారి పిండి మీద గీతలా తేలుతుంది. మూత తీసి చూస్తే పైనుంచి కూడా తడుస్తుంది కాబట్టి, మూత వేసి ఉండగానే చూసే మనిషి ఒకడు లోపల ఉండాలి.

"డ్రైవరు పట్టడండీ. మీరైతే సుఖంగా పడతారు అల్లుడుగారూ," అన్నారు.

ఆ రోజు నా మనసు డిక్కీ మీద లేదు. తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లులో స్టోర్సు చూసే పని కుదిరింది. ఇద్దరం ఉండటానికి చిన్న ఇల్లు కూడా ఇస్తామన్నారు. సాయంత్రంలోగా వస్తానో రానో చెప్పాలి. మామగారి ముందు ఆ మాట ఎత్తే దమ్ము నాకు లేదు. "నాన్నగారికి ఇవాళ నేను చెప్తానండీ, మీరు ఊరుకోండి," అని నా భార్య మాటిచ్చింది. ఆ ధైర్యంతోనే టార్చిలైటు పట్టుకుని డిక్కీలో దూరాను.

మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని పడుకున్నాను. మూత పడింది. పైన మామగారు గొట్టంతో నీళ్ళు పట్టడం మొదలుపెట్టారు. కాసేపటికి వెనక సీటు వైపు మూలలో పిండి మీద సన్నటి గీత పాకింది. టాపు మీద పడ్డ నీళ్ళు అంచులమ్మట జారి, రెండు పక్కలా రబ్బరు గొట్టాల్లోంచి కారు కిందికి పోవాలి. టార్చి వేసి చూస్తే, ఎడమ గొట్టం మూతి వేపాకులు కూరుకుని మూసుకుపోయింది. నీళ్ళు అక్కడ పొంగి లోపలికి దిగుతున్నాయి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మేం ఇన్నాళ్ళూ లైట్లు ఊడదీసుకుంటూ కూర్చున్నాం. సంతోషం పట్టలేక మూత తట్టబోయాను.

ఇంతలో నీళ్ళు ఆగాయి. ఎవరో వచ్చారు. కారు పక్కనే కుర్చీలు వేశారు. గొంతు పోల్చుకున్నాను. మా సంబంధం కుదిర్చిన పెద్దాయన.

"అల్లుడుగారు కనబడరేంటండీ?" అన్నాడు.

"బజారుకెళ్ళారండీ బాబాయిగారూ," అంది నా భార్య.

మొగుడు డిక్కీలో ఉన్నాడని చెప్పుకోలేక సిగ్గుపడింది కాబోలనుకున్నాను. నాకూ సిగ్గుగానే ఉంది. ఎత్తిన చెయ్యి దించేశాను.

"గూడెంలో ఏదో ఉద్యోగం చూసుకున్నాడని విన్నానమ్మా. వేరుకాపురం పెడుతున్నారా ఏంటి?"

"ఏమ్మా, నిజమేనా?" అన్నారు మామగారు.

ఎలా ఎత్తాలా అని మేం మల్లగుల్లాలు పడ్డ మాటను ఆయనే ఎత్తారు. ఔనంటే చాలు.

"ఈయనకా? ఎవరిస్తారు నాన్నగారూ! ముచ్చటపడి ఏదో చెప్పుకుంటూ ఉంటారు. సొంత కొట్లో బోల్టులే అమ్ముకోలేకపోయారు."

ముగ్గురూ నవ్వారు. మామగారి నవ్వు నాకు అలవాటే. ఆమె అంత హాయిగా నవ్వగా ఎప్పుడూ వినలేదు. చీకట్లో ఏడుపొచ్చింది, ముక్కులోకి ముగ్గుపిండి పోయి దగ్గు కూడా వచ్చింది. రెండూ మింగాను.

పెద్దాయన కాఫీ తాగి, స్థలాల రేట్లు మాట్లాడి, చేపల చెరువుల వాళ్ళను నాలుగు తిట్టి వెళ్ళేదాకా మూత ఎవరూ తీయలేదు. చివరికి ఆమే తీసింది. తువ్వాలు అందిస్తూ, "పెద్దాయన ఉన్నారు కదండీ, నాన్నగారి దగ్గర మాటెత్తడం కుదర్లేదు," అంది.

"అంతా విన్నాను," అన్నాను.

ఏడుస్తుందనుకున్నాను. కనీసం తలైనా దించుకుంటుందనుకున్నాను.

"విన్నారా? పోన్లెండి, మంచిదే అయింది. మీతో ఎలా చెప్పాలా అని చూస్తున్నాను. నేను రానండీ," అంది. గొంతు కూడా పెంచలేదు.

సాయంత్రం బట్టలు సర్దుకుని గూడెం బయల్దేరాను. మామగారు గేటు దాకా వచ్చారు. ఆగమంటారేమోనని, సిగ్గులేకుండా, కాస్త ఆశపడ్డాను.

"అమ్మాయి చెప్పిందండీ. శుభం. ఆ నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయో చెప్పి వెళ్ళండి అల్లుడుగారూ," అన్నారు.

ఎడమ పక్క గొట్టమని, ఆకులు లాగేస్తే సరిపోతుందని చెప్పాను. ఆమె ఆయన వెనక నిలబడి శ్రద్ధగా వింది. ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ నా మాట చివరిదాకా విన్నది అదొక్కసారే.